సున్నా చెల్లదు

ఆ ఉత్తర్వు మా కార్యాలయానికి ఏప్రిల్ రెండో వారంలో వచ్చింది. మొత్తం పదకొండు పేజీలు. "మద్యపాన వ్యసన విముక్తి ప్రక్రియలో మానవ ప్రమేయమును కనిష్ఠ స్థాయికి తగ్గించుట" అని మొదటి పేజీలో విషయం రాసి ఉంది. తగ్గించే విధానం మిగిలిన పది పేజీలలో ఉంది.

అప్పటికి మా నీలంవలస వ్యసన విముక్తి కేంద్రంలో మానవ ప్రమేయం అంటే సుభద్ర మేడం ఒక్కరే. ఆమె కౌన్సెలరు. ఆమెకు ఒక గది, రెండు కుర్చీలు, ఒక మజ్జిగ కుండ ఉండేవి. తాగుడు మానాలనుకున్నవాడు వచ్చి ఎదురుగా కూర్చుంటే ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి, వాడు చెప్పేదంతా వినేవారు. వాడు మళ్ళీ వారం వచ్చేవాడు. కొందరు తాగుడు మానేశారు, కొందరు మానలేకపోయారు. మానలేనివాళ్ళు కూడా రావడం మాత్రం మానలేదు.

నేను అక్కడ జూనియర్ అసిస్టెంటుని. వచ్చిన కాగితాన్ని రిజిస్టరులో ఎక్కించడం, వెళ్ళే కాగితం మీద ముద్ర వేయడం నా పని. ఉత్తర్వులను నేను గౌరవిస్తాను. అందుకని దాన్ని రెండుసార్లు చదివాను.

ఇకమీదట ప్రతి రోగికీ ఫోనులో 'తేట' అనే యాప్ పెట్టాలి. దానితోపాటు వేలెడంత ఊపిరి గొట్టం ఒకటి ఇస్తారు. రోగి రోజూ సాయంత్రం ఆరింటికి అందులోకి ఊదితే, ఎంత తాగాడో ఫోనుకు తెలిసిపోతుంది. ఫోను దాన్నిబట్టి బుద్ధులు చెబుతుంది, ధైర్యం చెబుతుంది, స్థాయిలు పెంచుతుంది. అయిదు స్థాయిలూ దాటినవాడికి సర్టిఫికెట్టు కూడా ఫోనే ఇస్తుంది. కాగితం మీద ఇచ్చేవి ఇక చెల్లవు. సుభద్ర మేడం ఉద్యోగం పేరు 'అనుసంధాన సహాయకురాలు' అయింది. డిజిటల్ చికిత్సకు ఆసనాలు అవసరం లేదు కనుక ఆమె గదిలోని కుర్చీలు రెండూ స్టోరురూముకు వెళ్ళాయి. మజ్జిగను 'ప్రమాణీకరించని ద్రవము' కింద నిలిపివేశారు.

ఉత్తర్వు నా బల్ల మీదికి వచ్చిన నిమిషంలో నేను మజ్జి దాలినాయుడి సర్టిఫికెట్టు టైపు చేస్తున్నాను. "పదకొండు నెలలుగా మద్యము ముట్టలేదని ఇందుమూలముగా ధ్రువీ" వరకూ వచ్చాను. అక్కడ ఆపేశాను.

దాలినాయుడు మునిసిపాలిటీ నీళ్ళ ట్యాంకరు డ్రైవరు. కిందటి మే నెలలో ఒక మధ్యాహ్నం తాగి, నిండు బండిని శ్మశానం గోడ పక్కన ఆపి, ఎందుకో వెనక కుళాయి తిప్పి, స్టీరింగు మీద తల పెట్టి నిద్రపోయాడు. ట్యాంకరు నీళ్ళన్నీ కాలువలోకి పోయాయి. అవతల గాజులవీధిలో నలభై కుటుంబాలు బిందెలు పట్టుకుని ఎండలో మూడు గంటలు నిలబడ్డాయి. మెలకువ వచ్చాక అతను ఖాళీ బండి తోలుకుంటూ వీధిలోకి వెళ్ళాడు. ఎవరూ తిట్టలేదు. ఎవరి బిందె వాళ్ళు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. అతని ఇల్లూ ఆ వీధిలోనే. అతని భార్య చిన్నమ్మడు కూడా తన బిందె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి అతను చుక్క ముట్టలేదు. మునిసిపల్ కమిషనరు అతన్ని సస్పెండు చేసి, ఏడాది లోపల మా కేంద్రం నుంచి సర్టిఫికెట్టు తెస్తే ఉద్యోగం, తేకపోతే తొలగింపు అని రాశాడు. ఏడాది మే ఆఖరుకు అయిపోతుంది.

"ఇంకో నెలన్నర ఉంది కదా," అన్నాను నేను, ఫోనులో యాప్ పెట్టి ఇస్తూ. "రోజూ ఊదు. అదే ఇచ్చేస్తుంది."

దాలినాయుడు ఊదాడు. ఫోను కాసేపు ఆలోచించి, "ఊపిరి అందలేదు. దయచేసి మళ్ళీ ఊదండి" అంది.

రెండోరోజూ అలాగే అంది. అయిదోరోజు ఇరవైసార్లు ఊది, కళ్ళు తిరిగి గుమ్మంలో కూలబడ్డాడు. చిన్నమ్మడు ఊదింది. ఆమెదీ అందలేదు. పక్కింటి సిర్ల పోలయ్య అప్పుడే మద్యం దుకాణం నుంచి వస్తూ, ఇదేదో చూద్దామని గొట్టం అందుకుని చిన్నగా ఊదాడు. ఫోను వెలిగిపోయింది. తెర మీద పూలు రాలాయి. సన్నాయి మోగింది. "స్వాగతం. మీ ప్రయాణం మొదలైంది" అంది.

"నన్ను ఫోన్లో ఎవులూ ఇలాగ పలకరించనేదురా," అన్నాడు పోలయ్య. మర్నాడే వచ్చి తన పేర తను చేరాడు. దాలినాయుడి ఫోనులో పడ్డ ఆ ఊపిరిని కూడా తన పేరకే మార్పించుకున్నాడు.

దాలినాయుడు కేంద్రానికి వచ్చాడు. ఉత్తర్వుతో పాటు మాకు చక్రధర్ గారని ఒక ప్రాజెక్టు అధికారి కూడా వచ్చి ఉన్నాడు. మనిషి మంచివాడు. పొద్దున్నే యోగా చేస్తాడు, ఎవరినీ కసురుకోడు, జన్మలో మందు వాసన ఎరగడు. తెల్లబోర్డు మీద బాణం గుర్తులు వేయడం ఆయనకు ఇష్టం.

"దాలినాయుడు గారూ, మీ సమస్య నాకు అర్థమైంది," అన్నాడు చక్రధర్. "మీ ఊపిరిలో మద్యం శాతం సున్నా వస్తోంది. వ్యవస్థ దృష్టిలో సున్నా అనేది సమాచారం కాదు. సమాచారం లేకపోవడం. మీరు తాగలేదో, అసలు ఊదనేలేదో యంత్రం తేల్చుకోలేదు."

"ఊదినాను బాబూ. మీ ముందల ఊదమంతే ఊదుతాను."

"నేను చూస్తే అది మానవ ప్రమేయం అవుతుంది."

దాలినాయుడు నావైపు చూశాడు. నేను పదకొండు పేజీల వైపు చూశాను.

"మరి నాను మానీసినట్టు దానికెలాగ తెలుస్తాది?"

చక్రధర్ సంతోషంగా లేచి బోర్డు మీద ఒక బాణం గీశాడు. అది పైకి వెళ్ళి, కిందికి దిగి, మళ్ళీ పైకి లేచింది. "ఇది కోలుకునే రేఖ. మొదటి స్థాయిలో తాగుతారు. రెండో స్థాయిలో తగ్గిస్తారు. మూడో స్థాయిలో ఒకసారి జారతారు. దీన్ని మేము పునఃస్ఖలనం అంటాం. నాలుగులో లేస్తారు. అయిదులో సర్టిఫికెట్టు. మీరు నేరుగా అయిదో స్థాయిలో నిలబడి తలుపు కొడుతున్నారు. మెట్లెక్కకుండా మేడ మీద కనిపించిన మనిషిని ఎవరైనా ఏమంటారు?"

"దొంగంతారు," అన్నాడు దాలినాయుడు నిజాయితీగా.

"చూశారా," అన్నాడు చక్రధర్.

నెల తిరిగేసరికి కేంద్రం గోడ మీద పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. దాని మీద పోలయ్య దండం పెడుతున్న బొమ్మ. కింద 'ఏప్రిల్ మాసపు తేట వీరుడు'. పోలయ్య ప్రతి సాయంత్రం దుకాణం నుంచి వచ్చి ఊదేవాడు. ప్రతి పొద్దున్నా లేచి, కాఫీ తాగి ఊదేవాడు. సాయంత్రం జారినట్టు, పొద్దున్న లేచినట్టు ఫోను రాసుకునేది. పదిహేను రోజుల్లో పద్నాలుగుసార్లు కోలుకున్నాడు. ఒకరోజు మాత్రం పొద్దున్న కూడా తాగాడు. మా జిల్లాలో ఇన్నిసార్లు కోలుకున్న రోగి మరొకడు లేడని రాజధాని నుంచి అభినందన వచ్చింది. దాన్ని రిజిస్టరులో ఎక్కించింది నేనే.

దాలినాయుడి పేరు మాత్రం 'చికిత్స మధ్యలో మానేసినవారు' అనే జాబితాలోకి వెళ్ళింది. అలాంటివాళ్ళను ఫోను వదిలిపెట్టదు. దారి తప్పినవాణ్ణి మళ్ళీ దారిలోకి తేవడం దాని ధర్మం. అతను పళ్ళు తోముకుంటుంటే, "తాగాలనిపిస్తోందా? నిజం చెప్పండి" అని మోగేది. అన్నంలో పులుసు పోసుకుంటుంటే, "ఈ సమయంలో చాలామందికి తాగాలనిపిస్తుంది. మీకు?" అని మోగేది. రోజుకు నలభైసార్లు. అయిదు స్థాయిలూ దాటాల్సిన మనిషి కనుక ఫోను కట్టేయడానికి వీల్లేదు. కట్టేస్తే మళ్ళీ మొదటినుంచి చేరాలి.

ఒకరోజు అతను కేంద్రం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. సుభద్ర మేడం కూడా మెట్ల మీదే కూర్చున్నారు. ఆమెకు వేరే చోటు లేదు.

"అమ్మా, పదకొండు నెల్లు నాకు దాని ఊసే నేదు," అన్నాడు. "ఇప్పుడిది గడియకోసారి గుర్తుసేస్తంది. నిన్న నా కాళ్ళు వాటంతటవే దుకాణం కాడికెల్లిపోనాయి. సీసాలు సూసినాను. సూసి వొచ్చీసినాను. ఇయాల మళ్ళీ ఎల్తానేమో అని బయిమేస్తంది."

"ఆ యాప్ తయారుచేసినవాళ్ళు చెడ్డ ఉద్దేశంతో చేయలేదు దాలినాయుడూ," అన్నారు మేడం. "అడిగే దిక్కులేనివాణ్ణి రోజుకోసారి ఎవరో ఒకరు ఎలా ఉన్నావని అడిగితే మంచిదే. నీకు అడిగేవాళ్ళు ఉన్నారు. ఆ సంగతి దానికి తెలియదు. వీళ్ళకు తెలిసినా రాసుకునే గడి లేదు."

ఆమె ఆ మాటనే కాస్త మర్యాదగా అర్జీలో రాసి, దాలినాయుడికి మినహాయింపు ఇవ్వమని చక్రధర్‌కు ఇచ్చారు. దాని మీద కమిటీ కూర్చుంది. చక్రధర్ అధ్యక్షుడు. ఆరోగ్యశాఖ నుంచి ఒక అధికారి, ఆబ్కారీ నుంచి ఒక ఇన్‌స్పెక్టరు సభ్యులు. మినిట్సు నేను రాశాను.

మినహాయింపు ఇవ్వడానికి నిబంధనల్లో చోటు లేదని మొదటి అయిదు నిమిషాల్లో తేలింది. కానీ చక్రధర్ మంచివాడని చెప్పాను కదా. "ఒక నిజాయితీపరుడి జీవనోపాధి మన చేతుల్లో ఉంది," అన్నాడు. "ఆయనకు కావలసింది ఒక్క పునఃస్ఖలనం. స్వయంగా చేసుకోలేని స్థితిలో ఉన్నారు. ప్రభుత్వం ఎందుకు ఉన్నట్టు?"

అలా 'పర్యవేక్షిత పునఃస్ఖలనం' అనే పథకం పుట్టింది. కమిటీ సమక్షంలో, సాక్షుల ఎదుట, కొలిచిన మోతాదులో, ఒకే ఒక్కసారి. తీర్మానం ఏకగ్రీవం. ఆరోగ్యశాఖ అధికారి దీన్ని రాష్ట్రమంతా అమలు చేయవచ్చన్నాడు.

ఒక్క చిక్కు వచ్చింది. వ్యసన విముక్తి కేంద్రం మద్యం కొనకూడదు. ఆబ్కారీ ఇన్‌స్పెక్టరు తన దగ్గర కేసుల్లో పట్టుబడిన సీసాలున్నాయని, వాటిలో ఒకటి 'పరీక్షా ద్రవము' పేరుతో బదిలీ చేయవచ్చని అన్నాడు. కేంద్రం ఎదుట దుకాణం ఉన్నప్పటికీ సీసా జిల్లా కేంద్రం నుంచి, బందోబస్తుతో, మూడు సంతకాల మీద రావలసి వచ్చింది. వచ్చేసరికి మే ఇరవై ఎనిమిది.

సుభద్ర మేడం తన అసమ్మతి రాసి ఇచ్చారు. దాన్ని ఫైల్లో పెట్టాను.

దాలినాయుడు ముందు ఒప్పుకోలేదు. ఆ తర్వాత, ఇంక మూడు రోజుల్లో ఉద్యోగం పోతుందని కమిషనరు ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. ఒప్పుకున్నాడు. ఆ రోజు పదకొండింటికి అతను ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. వెనకాలే చిన్నమ్మడు వచ్చింది. గేటు దగ్గర ఆగిపోయింది.

"ఇను," అంది. "ఉద్యోగం పోతే పోనీ. నాను ఇడ్లీబండి ఎట్టుకుంతాను, నువ్వు పిండి రుబ్బుదువుగాని. నువ్వు లోపల గుక్కేసినావంతే మాత్రం నాను మా అమ్మోలింటికి ఎలిపోతాను. ఇది బెదిరింపు కాదు. సెప్తన్నాను."

"ఒక్క గుక్కేనటే," అన్నాడు అతను.

"అప్పుడూ ఒక్క గుక్కతోనే కదేటి మొదలెట్టినావు."

అతను చేతులు జేబుల్లో పెట్టుకుని లోపలికి వచ్చాడు.

గదిలో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. సీసా, కొలత గ్లాసు, దాలినాయుడి ఫోను, గొట్టం వరసగా పెట్టి ఉన్నాయి. ఆ సందర్భానికని కుర్చీలు స్టోరురూము నుంచి తెప్పించారు. కమిటీ ముగ్గురు, స్వతంత్ర సాక్షిగా చక్రధర్ జీపు డ్రైవరు, మినిట్సుకు నేను. సుభద్ర మేడం గోడకు ఆనుకుని నిలబడ్డారు. చక్రధర్ పథకం ఉద్దేశాల గురించి పావుగంట మాట్లాడాడు.

తర్వాత ఆరోగ్యశాఖ అధికారి చిన్న సందేహం లేవనెత్తాడు. "సీసాలో ఉన్నది నిజంగా మద్యమేనని మనం ధ్రువీకరించుకోవాలి కదా. రేపు ఆడిట్లో ఇది టీ డికాషన్ అంటే?"

అందరికీ సబబుగానే తోచింది. సీల్ తీశారు. ఆబ్కారీ ఇన్‌స్పెక్టరు ఒక చిన్న మోతాదు పుచ్చుకుని, "మద్యమే" అన్నాడు.

"సీసా మీ శాఖ తెచ్చిందే," అన్నాడు ఆరోగ్యశాఖ అధికారి. "మీ ధ్రువీకరణ స్వతంత్రమైనది కాదు." తనూ ఒక మోతాదు పుచ్చుకున్నాడు. "మద్యమే. కానీ తీవ్రత తక్కువగా ఉంది."

ఇన్‌స్పెక్టరుకు అభిమానం దెబ్బతింది. తీవ్రత సరిగానే ఉందని నిరూపించడానికి మళ్ళీ పుచ్చుకున్నాడు. ఇద్దరి అభిప్రాయాలూ కలవనందున అధ్యక్షుడి నిర్ణయమే అంతిమమని నిబంధన ఉంది. అది నేనే చదివి వినిపించాను. చక్రధర్ కళ్ళు మూసుకుని, ముక్కు పట్టుకుని, కర్తవ్యం నిర్వర్తించాడు. కాసేపు దగ్గాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"నాకు పోల్చిచూసుకోవడానికి పూర్వానుభవం లేదు," అన్నాడు. "ఒక్కసారితో అభిప్రాయం చెప్పడం శాస్త్రీయం కాదు."

మూడుసార్లు చూసి సగటు తీయాలన్నారు. సగటు తీశారు. తర్వాత గొట్టం సరిగా పనిచేస్తోందో లేదో పరీక్షించాలి. తెలిసిన ఊపిరితో పోల్చకపోతే తెలియని ఊపిరిని ఎలా కొలుస్తాం? ఇన్‌స్పెక్టరు ఊదాడు. సన్నాయి మోగింది. ఆరోగ్యశాఖ అధికారి ఊదాడు. పూలు రాలాయి. చక్రధర్ ఊదాడు. ఫోను ఆనందం పట్టలేక వణికింది.

ఈలోగా జీపు డ్రైవరు లేచి నిలబడ్డాడు. "అయ్యా, నాను సాచ్చిని. నాను దేనికి సాచ్చినో నాకు తెల్దు. తెల్దని కోర్టులో సెప్తే బాగోదు," అన్నాడు. న్యాయమైన మాట. అతనికీ ఇచ్చారు.

పన్నెండున్నరకు ఆరోగ్యశాఖ అధికారి తన ట్రాన్స్‌ఫరు గురించి చెప్పి ఏడ్చాడు. ఇన్‌స్పెక్టరు ఆయన్ని ఓదార్చడానికి చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్న పద్యం పాడాడు. రెండో పాదం గుర్తురాక మొదటి పాదమే ఎనిమిదిసార్లు పాడాడు. చక్రధర్ బోర్డు మీద బాణాలు గీస్తున్నాడు. అవన్నీ పైకే వెళ్ళాయి. బోర్డు దాటి గోడ మీదికి కూడా వెళ్ళాయి.

ఒంటిగంటకు ఆయన హఠాత్తుగా గంభీరుడైపోయి, "రోగిని ప్రవేశపెట్టండి," అన్నాడు.

"రోగి ఇక్కడే ఉన్నాడు సార్, రెండు గంటలనుంచీ," అన్నారు మేడం.

దాలినాయుడు లేచి బల్ల దగ్గరికి వచ్చాడు. అతని ముఖం పాలిపోయి ఉంది. ఆ గదినిండా ఆ వాసనే. నేను సీసా వంచాను. కొలత గ్లాసులో ఒక చుక్క పడింది. రెండో చుక్క సీసా మూతి దగ్గర ఆగి, ఎంతకూ పడలేదు.

అందరం ఆ చుక్క వైపు చూస్తూ ఉండిపోయాం. ముందు నవ్వింది దాలినాయుడే. మొదట ముక్కులోంచి, తర్వాత కడుపులోంచి వచ్చింది ఆ నవ్వు. గోడకు జారబడిపోయాడు. మేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బయట గేటు దగ్గర చిన్నమ్మడికి ఆ నవ్వు వినపడి, మొగుడు తాగేశాడనుకుని, చెప్పు చేత పట్టుకుని లోపలికి వచ్చింది. గుమ్మంలో ఆగి, నలుగురు పెద్దమనుషుల్నీ చూసి, చెప్పు కింద వేసి తొడుక్కుంది.

"వీళ్ళకి పెళ్ళాలు నేరేటి," అని అడిగింది నన్ను.

రెండో సీసాకు కొత్త తీర్మానం కావాలి. తీర్మానానికి కోరం కావాలి. కోరం బల్ల కింద కలం వెతుక్కుంటోంది. వాళ్ళను ఇళ్ళకు చేర్చడం తప్ప మరో దారి కనిపించలేదు. కానీ జీపు డ్రైవరు స్వతంత్ర సాక్షిగా గుర్రుపెడుతున్నాడు.

దాలినాయుడు తాళంచెవి తీసుకున్నాడు. "నాను దించీస్తాను పదండి," అన్నాడు. ఏడాది తర్వాత స్టీరింగు పట్టుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. వెనక నలుగురు ఒకరిమీద ఒకరు.

వంతెన దగ్గర పోలీసులు బళ్ళు ఆపుతున్నారు. ఒక ఎస్సై వచ్చి దాలినాయుడి నోటి దగ్గర యంత్రం పెట్టాడు. ఊదాడు. చిన్న కాగితం వచ్చింది. దాని మీద సున్నా అని అచ్చయి ఉంది. ఎస్సై ఆ కాగితం చూసి, వెనక సీటు వైపు చూసి, మళ్ళీ కాగితం చూశాడు.

"గవర్నమెంటు జీపు. నువ్వు ఈ శాఖ డ్రైవరువా?"

"కాదండి. సస్పెన్సన్లో ఉన్నాను. తాగినందుకు."

"తాగినందుకు సస్పెండైనవాడివి నువ్వు ఈ బండి నడుపుతున్నావు. నడపాల్సినవాడు వెనక పడుకున్నాడు." ఎస్సై నిదానమైన మనిషి. పుస్తకం తీశాడు. "అర్హత లేని వ్యక్తికి ప్రభుత్వ వాహనం అప్పగించినందుకు అధికారి మీద కేసు రాయాలి. ఈ నలుగురి పేర్లూ చెప్పండి."

ఆ మాటతో చక్రధర్‌కు సగం దిగిపోయింది. కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. "ఆయన అర్హత గల వ్యక్తి," అన్నాడు, ఒక్కొక్క అక్షరాన్నీ జాగ్రత్తగా నిలబెడుతూ. "మద్యం మానినట్టు మా కేంద్రం ధ్రువీకరించిన వ్యక్తి."

"సర్టిఫికెట్టు చూపించండి."

చక్రధర్ నావైపు చూశాడు. ఆ చూపులో పదకొండు పేజీలూ కరిగిపోవడం నేను కళ్ళారా చూశాను. కేంద్రం లెటర్‌హెడ్డు, ముద్ర నా సంచిలో ఉన్నాయి. జీపు బానెట్టు వేడిగా కాలుతోంది. దాని మీద రుమాలు పరిచి రాశాను. ఏప్రిల్‌లో ఆగిపోయిన మాట నాకు ఇంకా గుర్తుంది. 'ధ్రువీ' తర్వాత 'కరించడమైనది' అని రాసి, చుక్క పెట్టి, ముద్ర వేశాను. చక్రధర్ సంతకం కాగితం దాటి బానెట్టు మీదికి కొంచెం వెళ్ళింది. ఎస్సై చదివి, సున్నా కాగితాన్ని దానికి పిన్ను కొట్టి, దాలినాయుడి చేతిలో పెట్టాడు.

"జాగ్రత్తగా దించు," అన్నాడు.

మర్నాడు చక్రధర్ తలకు తడిగుడ్డ కట్టుకుని వచ్చి, సర్టిఫికెట్టు ఆఫీసు కాపీ చదివాడు. రద్దు చేయాలన్నాడు. రద్దు చేస్తే జీపు అర్హత లేనివాడి చేతికి ఇచ్చినట్టవుతుందని నేను మనవి చేశాను. ఆయన తడిగుడ్డ సర్దుకుని, "మానవ ప్రమేయం ఒక్కొక్కసారి అనివార్యం," అని నోటు రాశాడు. మే ముప్ఫై ఒకటిన దాలినాయుడు కమిషనరు ఆఫీసులో సంతకం పెట్టి, ట్యాంకరు తాళాలు తీసుకున్నాడు.

అంతటితో అయిపోలేదు. ఆ రోజు అధికారులు ఊదింది దాలినాయుడి ఫోనుకు తగిలించిన గొట్టంలో. ముగ్గురి ఊపిరీ కలిసి ఒకే మనిషి పేర రాజధానికి చేరింది. మర్నాడు సాయంత్రం ఆరింటికి అతను అలవాటు కొద్దీ ఊదాడు. కిందటి రోజు అంకె ఉంది కనుక, ఈసారి సున్నాను ఫోను సున్నాగానే తీసుకుంది. రాష్ట్రం మొత్తంలో ఇంత ఘోరంగా జారినవాడు లేడని, ఇంత త్వరగా లేచినవాడు అసలే లేడని తేలింది. ఆ అంకెకు మామూలుగా మనిషి బతకడని ఒక డాక్టరు రాశాడు. ఫోను అతన్ని అయిదు స్థాయిలూ ఒకేసారి దాటించి, ఇంకో సర్టిఫికెట్టు ఇచ్చింది. శాలువా కప్పుతాం, రాజధానికి రమ్మని ఉత్తరం వచ్చింది. కంపెనీ వాళ్ళు ఫొటో అడిగారు.

"ఆ రోజు గాజులవీధికి నీళ్ళ డ్యూటీ ఉంది బాబూ. రానేనని రాసీయండి," అన్నాడు దాలినాయుడు. అలాగే రాశాను. శాలువా చక్రధర్ తెచ్చుకున్నాడు.

నేనూ గాజులవీధిలోనే అద్దెకుంటాను. జూన్‌లో ఒక పొద్దున్న బిందె పట్టుకుని ట్యాంకరు దగ్గరికి వెళ్ళేసరికి పోలయ్య అక్కడున్నాడు. ముఖం పచ్చబడి ఉంది, కాళ్ళు వాచి ఉన్నాయి. ఏప్రిల్ తర్వాత మే నెలకూ అతనే తేట వీరుడు.

"దాలినాయుడు బావా," అన్నాడు మెల్లగా. "నాకు మానీయాలనుంది. మొన్న ఆఫీసుకెల్లి అడిగినాను. ఇప్పుడొద్దు, మూడు నెల్ల రిపోర్టు అయిపోనీ, నువ్వు ఆగిపోతే జిల్లా రేంకు పడిపోతాదన్నారు. అందాకా ఉంతానో నేదో తెల్దు."

నేను తల దించుకున్నాను. ఆ మాట అతనితో చెప్పినప్పుడు నేను గదిలోనే ఉన్నాను.

దాలినాయుడు గొట్టాన్ని ఒక బిందె నుంచి ఇంకో బిందెలోకి మార్చాడు. "ముందర పెద్దాసుపత్రికెల్లి డాట్రుకి సూపించుకోవాల," అన్నాడు. "ఒక్కసారే ఆపీకూడదంట, సుబద్రమ్మ సెప్పింది. మందులిస్తారు. ఇయాల బండి ఖాళీ అయ్యాక నానే తీసుకెల్తాను. రేపొద్దున్న అయిదున్నరకి పంపుహౌసు కాడికి రా. గొట్టం పట్టు. సాయంత్రం దాకా నా పక్కనే కూకో. ఎల్లుండి మాట ఎల్లుండి సూసుకుందాం."

"ఫోను మోగితే?"

"బండి సప్పుడుకి ఇనపడదు."

పోలయ్య మర్నాడు వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. డాక్టరు దగ్గరికి సుభద్ర మేడం కూడా తోడు వెళుతున్నారని విన్నాను. అది ఆమె ఉద్యోగం కిందకు రాదు కనుక సెలవు పెట్టి వెళుతున్నారు. నెలాఖరు నివేదికలో పోలయ్య పేరును 'చికిత్స మధ్యలో మానేసినవారు' జాబితాలో చేర్చాను. జూలైలో ఆ జాబితా పదిహేడు పేర్లకు పెరిగింది. కేంద్రం పనితీరు జిల్లాలో అట్టడుగుకు వెళ్ళింది. ఇంతమంది ఎక్కడికి పోతున్నారో కనుక్కోమని రాజధాని నుంచి చక్రధర్‌కు తాఖీదు వచ్చింది. ఆయన కొత్త కమిటీ వేశాడు.

ట్యాంకరు గొట్టం పట్టడానికి ఒక మనిషి చాలు. నిన్న పొద్దున్న బండి మా వీధి మలుపు తిరుగుతుంటే లెక్కపెట్టాను. మడ్‌గార్డుల మీద ఇద్దరు, నిచ్చెన మీద ముగ్గురు, పైన మూత పక్కన కాళ్ళు వేలాడేసుకుని నలుగురు ఉన్నారు. కమిటీకి చెప్పలేదు. వాళ్ళు నన్ను అడగలేదు.